మగ్గం గుంతలో బ్యాటరీ

ఎల్లేష్ కరెంటు మోటర్‌సైకిల్ ఇంటికి తెచ్చిన రోజు వీధి వీధంతా పని ఆపి బయటికి వచ్చింది. పోచంపల్లిలో ఒక వీధి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయంటే ఎవరో కాలం చేశారని అర్థం. ఆ రోజు ఎవరూ కాలం చెయ్యలేదు. ఎర్రటి బండి ఒకటి వచ్చింది, అంతే. ఎల్లేష్ తల్లి నర్సింగమ్మ దానికి పసుపు కుంకుమలు పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించి, హ్యాండిల్‌కు తన మగ్గం మీది పట్టుపోగు ఒకటి ముడివేసింది. ఆమె చెయ్యి పడితే పని మంచిగవుతుందని ఆ వీధిలో అందరికీ నమ్మకం. కొత్త మగ్గం పెట్టుకున్నా, కొత్త పడుగు ఎక్కించినా మొదటి పోగు నర్సింగమ్మ చేతే వేయించుకుంటారు. ఆమె ఒక మాట అన్నదంటే ఆ మాట సాయంత్రానికల్లా వీధి చివరి ఇంటికి చేరుతుంది, చేరడమే కాదు, అమలవుతుంది కూడా.

కోడలు స్వరూప గుమ్మంలోనే నిలబడి చూసింది. ఎల్లేష్ బండెక్కి వీధి చివరిదాకా పోయి, మలుపు తిరిగి వెనక్కి వచ్చాడు. అతను వస్తున్నట్టు ఆమెకు తెలియనే లేదు. పక్కనే వచ్చి ఆగాక ఉలిక్కిపడింది.

"దీనికి సప్పుడే లేదేంది?" అంది.

"సప్పుడు లేకుండుడే దీని గొప్పతనం," అన్నాడు ఎల్లేష్. "పొగ లేదు, సప్పుడు లేదు, పెట్రోల్ లేదు. సూస్తుండు, ఇంకో పదేండ్లకు పెట్రోల్ బంకులల్ల కోళ్లఫారాలు పెట్టుకుంటరు."

అందరూ నవ్వారు. స్వరూప కూడా నవ్వింది గానీ, మీదికొచ్చేదాకా చెవికి తెలియని వస్తువొకటి ఇంట్లో ఉండటం ఆమెకెందుకో నచ్చలేదు. కొత్త బండి పూజనాడు అపశకునం మాట్లాడే కోడలిని ఎవరు భరిస్తారు? నోరు మూసుకుని అందరికీ చాయ్ పెట్టింది.

ఎల్లేష్ మగ్గం మీద కూర్చోవడం మానేసి చాలా కాలమైంది. నడుము నొప్పి అంటాడు. నిజానికి అతనికి ఒక్కచోట కూర్చోవడం చేతకాదు. వీధిలో నేసిన చీరలు మూటగట్టుకుని హైదరాబాద్ దుకాణాలకు చేరవెయ్యడం, వచ్చేటప్పుడు పట్టూ రంగులూ తెచ్చిపెట్టడం అతని పని. ఇంట్లో మగ్గం నడిపేది నర్సింగమ్మ. స్వరూప పట్టుపోగులకు చిటికి కడుతుంది, అంటే రంగు ఎక్కడ అంటకూడదో అక్కడ రబ్బరు చుట్టి బిగిస్తుంది. అత్త లోపలి గదిలో మగ్గం మీద, కోడలు ముందు గదిలో చిటికి చట్రం ముందు. మధ్యలో గోడ ఒకటే. పగలంతా ఒకరి పని చప్పుడు ఒకరికి వినబడుతూనే ఉంటుంది.

చలికాలమంతా బండి బాగానే నడిచింది. ఎల్లేష్ పెట్రోల్ బంకు ముందు నుంచి పోయేటప్పుడు కావాలని నెమ్మదించి, అక్కడ వరసలో నిలబడ్డవాళ్లను జాలిగా చూసేవాడు. ఆ వైభవం ఎండలు ముదిరేదాకానే. ఒక్క ఛార్జింగుతో హైదరాబాద్ పోయి రావచ్చని అమ్మినవాళ్లు చెప్పారు. వాళ్లు చెప్పినప్పుడు వెనక చీరల మూట లేదు, ఎదురుగాలి లేదు, ఎండ అసలే లేదు. తీరా చూస్తే హయత్‌నగర్ దాటేసరికే బండి మీద ఛార్జింగు చూపే గీతలు సగానికి పడిపోయేవి. దుకాణం కింద సెల్లారులో ఛార్జింగు పెట్టుకోనిమ్మని సేటును బతిమాలుకోవాల్సి వచ్చేది. ఒకరోజు తిరుగు ప్రయాణంలో దేశ్‌ముఖి దగ్గర బండి నిలువునా ఆగిపోయింది. పెట్రోల్ బండి అయితే ఎవరో ఒకరు సీసాలో ఇంత తెచ్చి పోస్తారు. కరెంటును సీసాలో ఎవరు తెస్తారు? మూటతో సహా నెట్టుకుంటూ ఇంటికి చేరేసరికి అతని తల ప్రాణం తోకకు వచ్చింది.

ఆ రోజే బ్యాటరీ కిందపడింది. బండిలోంచి తీసి ఛార్జింగుకు ఇంట్లోకి మోసుకొచ్చే రకం బ్యాటరీ అది. పిడికెడంత పిడి, లోపల రాళ్లు నింపినట్టు బరువు. అలసిపోయిన చేతుల్లోంచి జారి గడప మీద పడింది. ఒక మూల చిట్లింది. ఎల్లేష్ చుట్టూ చూసి, పడ్డ బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, చిట్లిన చోట నల్లటి టేపు చుట్టాడు.

"షోరూముల సూపియ్యరాదు?" అంది స్వరూప.

"సూపిస్తే గ్యారంటీ పోతది. కింద పడేసినవంటరు. నడుస్తాంది గద, ఊకో."

నడుస్తున్న మాట నిజమే.

మే నెల వచ్చింది. లగ్గాల కాలం. దుకాణాలవాళ్లు పొద్దున ఒక మూట, సాయంత్రం ఒక మూట అడుగుతున్నారు. కూతురు ప్రవళికను సెలవులకు ఆలంపూర్‌లో అమ్మమ్మ దగ్గర దింపి వచ్చారు. రోజుకు రెండుసార్లు పోయి రావాలంటే మధ్యాహ్నం బ్యాటరీ నిండాలి. అది మాత్రం నిండనంటోంది. పొద్దుటి ప్రయాణంలో కాగిన వేడికి చెయ్యి పెట్టనివ్వదు. ఛార్జరు తగిలిస్తే దాని మీది ఎర్ర లైటు బుగ్గ గుడ్లురిమి చూస్తుంది తప్ప కరెంటు ఎక్కించుకోదు. చల్లారితే తప్ప తీసుకోదు, ఆ ఎండల్లో చల్లారేది ఎక్కడ? ఎల్లేష్ ఫ్యాను పెట్టి చూశాడు, వేపచెట్టు నీడన పెట్టి చూశాడు, ఒకరోజు చేటతో విసిరాడు కూడా. అన్నం తింటూ కూడా దానివైపే చూస్తున్న కొడుకును చూసి నర్సింగమ్మకు కడుపు తరుక్కుపోయింది.

"మగ్గం గుంతల పెట్టరాదు బిడ్డా," అంది.

గుంట మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది. నేలలో నడుము లోతు తవ్విన గుంత అది. నేసేవాళ్లు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి, కింద ఉన్న పలకలు తొక్కుతూ నేస్తారు. ఎండాకాలంలో గాలి పొడిబారితే పట్టుపోగు పటపటా తెగుతుంది. అందుకని గుంతలో నీళ్లు చల్లుతారు, తడిపిన గోనె పరుస్తారు. ఇంటి కప్పు పెనంలా కాలుతున్నా గుంతలో మాత్రం చల్లగా ఉంటుంది. మజ్జిగ ముంత గుంతలోనే, మల్లెపూల పొట్లం గుంతలోనే. జ్వరమొచ్చిన పిల్లలను కూడా మధ్యాహ్నం పూట గుంత అంచునే పడుకోబెడతారు. వేడెక్కినదాన్ని చల్లార్చే జాగా అదొక్కటే అని తాతల నాటి నుంచి వాళ్లకు తెలుసు.

"పట్టు తెగద్దని నీళ్లు కొడ్తం గద," అంది నర్సింగమ్మ. "దీన్ని గూడ గాడనే పెట్టు. తడి గోనె కప్పు. ఎంతటి వేడైనా దిగుతది."

దిగింది. అదే వచ్చిన చిక్కు. దిగకపోయినా బాగుండేది. ఎల్లేష్ అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి ఎర్ర బుగ్గ పోయి పచ్చ బుగ్గ వచ్చింది. అతను తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పినంత పని చేశాడు. "కంపినీ ఇంజనీర్లకు తట్టలే అమ్మా! నీకు తట్టింది!" నర్సింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా సిగ్గుపడింది.

ఇంక అది ఇంటి గుట్టుగా ఎందుకుంటుంది? పక్కింటి విజేందర్ అప్పటికే అలాంటి బండే కొన్నాడు. వీధిలో ఇంకొందరు కొన్నారు. అందరికీ అదే తంటా. నర్సింగమ్మ పనిగట్టుకుని ఆ ఇళ్లకు పోయి, గోనె ఎట్లా మడవాలో, ఎంత తడపాలో, గుంతలో ఏ మూల పెడితే కాలికి తగలదో దగ్గరుండి చూపించి వచ్చింది. ఆ వారంలోనే ఆ వీధి మగ్గం గుంతల్లో బ్యాటరీలు కాపురం పెట్టాయి. పైన నేత నడుస్తూనే ఉంది. కింద పాదాల పక్కన ఛార్జింగు నడుస్తూనే ఉంది.

మొదట వాసన పట్టింది స్వరూపే. రంగుల దగ్గర బతికే మనిషి కదా, ఏ రంగు ఎంత ఉడికిందో ముక్కుతోనే చెప్పగలదు. ఇది ఏ రంగు వాసనా కాదు. ఆడపిల్లలు గోళ్లకు వేసుకునే రంగులాంటి తీపి వాసన. ప్రవళిక ఊళ్లో లేదు. ఇంట్లో అలాంటి సీసా లేదు. వాసన కాసేపుండి పోయింది. మళ్లీ రెండు రోజులకు వచ్చింది. అత్తను అడిగితే, "నాకు జలుబు, నాకేం దెలుస్తది," అంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నర్సింగమ్మ కునుకు తీస్తుంటే, తెగిన పోగు కలుపుదామని స్వరూప మగ్గం మీద కూర్చుంది. కాళ్లు గుంతలోకి వేసింది. కుడికాలికి ఎప్పటిలాగే చల్లగా తగిలింది. ఎడమకాలికి వెచ్చగా తగిలింది. ఆ గుంతలో వెచ్చదనం తగలడం ఆమె కాపురానికి వచ్చాక అదే మొదటిసారి. వంగి గోనె పట్టుకుని చూస్తే అది పొడిగా ఉంది. కాసేపటి క్రితమే బిందెడు నీళ్లు పోసి తడిపింది తనే. గోనెలోని నీళ్లు ఏమయ్యాయి? పొడి గోనె పక్కన పడేసి ప్లగ్గు తీసేసింది.

సాయంత్రం ఎల్లేష్ బ్యాటరీని బండిలో దింపబోతే దిగలేదు. అరచేత్తో గుద్దాడు. ఇంకోసారి గట్టిగా గుద్దితే దిగింది.

"ఉబ్బింది అది," అంది స్వరూప. "పక్కలు సూడు, సమంగ లేవు."

"ఎండకు ఏదైనా ఉబ్బుతది. వానకు తలుపు ఉబ్బుతలేదా? గట్లనే ఇది గూడ."

"తలుపు వాసనొస్తదా? అత్తమ్మ కాళ్ల కాడ ఉన్నదది. ఏదన్న అయితే ఆమె కాళ్లు బయటికి తీసేటందుకు గూడ టైముండది. మోకాళ్ల నొప్పులు, ఎవలన్న పట్టి లేపితే గాని లేవదు. ఒక్కసారి షోరూముకు కొంచవో."

"కొంచవోతే వారం దినాలు వాళ్ల కాడనే పెట్టుకుంటరు. లగ్గాల చీరలు నెత్తి మీద మోసుకపోవాల్నా?"

మర్నాడు ఆమె చెప్పకుండా ఒక పని చేసింది. అతను అన్నానికి కూర్చోగానే బ్యాటరీని బయట అరుగు మీద పెట్టి, గుంతలో ఖాళీ గోనె పరిచింది. అరుగు మీద ఎర్ర బుగ్గ అట్లాగే ఉండిపోయింది. సాయంత్రం మూట పోలేదు. దుకాణం నుంచి ఫోను మీద ఫోను. ఎల్లేష్ కంచం ముందు నుంచి లేచిపోయాడు. అనాల్సినవన్నీ నర్సింగమ్మ అంది.

"నా కొడుకు పని చెడగొడ్తున్నవ్ పిల్లా. వీధంత పెట్టుకుంటాన్రు, ఎవలకేమైంది? అది నా కాళ్ల కాడున్నది, నీ కాళ్ల కాడ కాదు. నాకు లేని భయం నీకెందుకు?"

స్వరూపకు ఏడుపొచ్చింది. భయం తన కోసం కాదని ఆమెకు ఎట్లా చెప్పడం? ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి తనకు పని నేర్పింది, ప్రవళిక పుట్టినప్పుడు నెలల తరబడి నీళ్లు కాచి పోసింది ఈ మనిషే. నర్సింగమ్మ నోరు గట్టిది గానీ చెయ్యి మెత్తన. ఆ కాళ్లకేమన్నా కాకూడదని స్వరూప నాలుగిళ్లు తిరిగి చెప్పి చూసింది. ఎవరూ చెవిన వేసుకోలేదు. "మీ అత్తమ్మే గద పెట్టుమన్నది," అన్నారు.

రాత్రికి ఎల్లేష్ కాస్త మెత్తబడ్డాడు. "ఫికర్ చెయ్యకు. శుక్రారం నాడు సేటు అడిగిన లగ్గం చీరలు ఇచ్చేస్త. శనారం పొద్దుగాల్నే కొంచవోయి సూపిస్త. సరేనా?"

సరేనంది. ఒప్పుకోకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

శుక్రవారం పొద్దున మొదటి మూట ఇచ్చి అతను ఎండనపడి వచ్చాడు. బ్యాటరీని గుంతలో పెట్టి, తడి గోనె కప్పి, ఛార్జరు తగిలించి, సాయంత్రం పట్టుకుపోవాల్సిన చీరలు జమచెయ్యడానికి వీధిలోకి పోయాడు. నర్సింగమ్మ మగ్గం మీద కూర్చుంది. ఆమె నేస్తున్నది కూడా ఆ లగ్గం చీరల్లోదే, ఆఖరి చీర. జానెడు నేస్తే అయిపోతుంది. గోడకు ఇవతల స్వరూప చిటికి కడుతోంది. పోగును మోసుకుని నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు సమంగా వస్తోంది.

చప్పుడు ఆగింది.

"స్వరూపా," అని పిలిచింది నర్సింగమ్మ. గొంతు పెంచలేదు. కావాలని తగ్గించి పిలిచింది. "గుంతల పామున్నట్టుంది. సుయ్యిమంటాంది. కట్టె పట్టుకరా బిడ్డా, ఉరకకు."

ఎండాకాలంలో చల్లదనానికి మగ్గం గుంతల్లోకి పాములు రావడం కొత్త కాదు. అందుకే నేత నేర్పేటప్పుడు నాడె పట్టుకోవడానికంటే ముందు ఒక సంగతి నేర్పుతారు. గుంతలో బుస వినబడితే కాలు కదపకూడదు. రాయిలా కూర్చోవాలి, మెల్లగా పిలవాలి, ఎవరో ఒకరు కట్టె తెస్తారు. నర్సింగమ్మ చిన్ననాడు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. రెండు పాదాలూ పలకల మీద కదలకుండా పెట్టుకుని కూర్చుంది. స్వరూప కూడా నేర్చుకున్నదే చేసింది. ఉరకకుండా, అడుగుల చప్పుడు కాకుండా పెరట్లోకి పోయి, గోడకు ఆనించిన కట్టె తీసుకుంది.

కట్టె పట్టుకుని వెనక్కి తిరిగాక వచ్చింది ఆ వాసన. గోళ్లరంగు వాసన, ఇల్లంతా నిండిపోయి.

"అత్తమ్మా, అది పాము కాదు! కాళ్లు తియ్యి!"

అరుస్తూ పరుగెత్తింది. లోపలి గదిలో తెల్లటి పొగ గుంతలోంచి పాలు పొంగినట్టు పైకి వస్తోంది. నర్సింగమ్మ అరుపు విన్నది గానీ ఆమెకు అర్థం కాలేదు. పాము కాకపోతే బుస ఏమిటి? అప్పటికీ కాళ్లు కదపలేదు. స్వరూప కట్టె పారేసి, వెనక నుంచి చంకల కింద చేతులు వేసి గుంజింది. మగ్గం ముందరి కర్రకు కొంగు చిక్కుకుంది. ఇంకోసారి గుంజింది. అప్పుడు గుంతలో ఢామ్మని పేలి మంట లేచింది. నర్సింగమ్మ పెట్టిన కేక వీధి చివరిదాకా వినబడింది.

ఎల్లేష్ చీరల మూట అక్కడే పారేసి వచ్చాడు. బిందెడు నీళ్లు పోస్తే మంట ఇంకా రేగింది. విజేందర్, ఇంకొందరు ఇసుక తెచ్చి పోశారు. పడుగు కాలింది, ఆఖరి చీర కాలింది. మగ్గం చట్రం బొగ్గయింది. అవేవీ ఎవరూ చూడలేదు. వాకిట్లో అరుగు మీద పడుకోబెట్టిన నర్సింగమ్మ పాదాలను చూసి ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. స్వరూప చేతిలో ఆ కట్టె ఉంది. దాన్ని ఎప్పుడు మళ్లీ పట్టుకుందో ఆమెకే తెలియదు.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో చాలా రోజులున్నారు. మిరుగు కార్తె వచ్చింది గానీ వానలు రాలేదు. ప్రాణానికి భయం లేదన్నారు. కాళ్ల సంగతి అడిగితే, కూర్చోబెట్టి చూసుకోండి అన్నారు. ఆ రోజుల్లో ఎల్లేష్ మంచం పక్క నుంచి కదల్లేదు. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉండేవాడు. స్వరూప అతన్ని ఒక్క మాట అనలేదు. అనాలని ఉండేది, చాలా ఉండేది. ఆ మొహం చూస్తే మాట రాకపోయేది. పైగా ఆమెకూ తన లెక్క తనకుంది. పెరట్లోకి నడిచిపోయిన ఆ అడుగులు రాత్రిళ్లు ఆమెను నిద్రపోనివ్వడం లేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున నర్సింగమ్మను ప్లాస్టిక్ కుర్చీలో వాకిట్లో కూర్చోబెట్టారు. వీధి ఎప్పటిలాగే ఉంది. మగ్గాలు ఆడుతున్నాయి. ఆమె కాసేపు కళ్లు మూసుకుని విన్నది. తర్వాత కళ్లు తెరిచింది.

"ఆ బర్రుమనే సప్పుడేంది? విజేందరోల్లింట్లకెళ్లి వస్తాంది."

ఎల్లేష్ తల వంచుకున్నాడు. స్వరూపే చెప్పింది. "ఛార్జర్ ఫ్యాను అత్తమ్మా."

"యాడ పెట్టిండ్రు?"

స్వరూప విజేందర్ ఇంటివైపు చూసింది. మంటలు లేచిన వారం అందరూ గుంతల్లోంచి తీసేశారు. దేవుడికి దండం పెట్టుకున్నారు. తర్వాత వానలు రాలేదు, ఎండ తగ్గలేదు, ఎర్ర బుగ్గ ఆరలేదు. ఎల్లేష్ బ్యాటరీ కిందపడి పగిలిన సంగతి అందరికీ తెలిసిపోయింది. మరి పగిలినదానికి అట్లా అయింది, మనది బాగానే ఉంది కదా అనుకున్నారు. ఒకరిని చూసి ఒకరు మళ్లీ గుంతలో పెట్టారు.

"గుంతలనేనా?" అంది నర్సింగమ్మ. జవాబు కోసం ఆగలేదు. "నేను గాదు వాళ్లకు చెప్పింది? ఇల్లిల్లు తిరిగి చెప్పిన. గోనె ఎట్ల మడవాల్నో నేనే సూపిచ్చిన. నన్ను లేపుండ్రి."

"అమ్మా, నేను పోయి చెప్తా," అన్నాడు ఎల్లేష్.

"నీ మాట ఇనరు. నా మాటిన్నరు గద, మల్ల నా మాటే ఇనాలె. లేపు."

కుర్చీతో సహా చెరో పక్కన పట్టుకుని మోసుకుపోయారు. విజేందర్ ఇంట్లో అతని భార్య కరుణ మగ్గం మీద ఉంది. కాళ్లు గుంతలో ఉన్నాయి. ఎడమ మూలన తడి గోనె, దాని కింద నుంచి వైరు. నర్సింగమ్మ మడతే అది, అంచులు లోపలికి మడిచి.

విజేందర్ ఎదురొచ్చి కుర్చీ పట్టుకున్నాడు. "పెద్దమ్మా, నువ్వెందుకొచ్చినవ్? పిలిస్తే మేం రాకపోదుమా?"

"అది తియ్యి బిడ్డా," అంది ఆమె. "నేను తప్పు చెప్పిన. తీసి బయట పెట్టు."

విజేందర్ ఇబ్బందిగా నవ్వాడు. "మీది పగిలిన బ్యాటరీ గద పెద్దమ్మా. మాది కొత్తది, గీత గూడ వడలే. అయినా నువ్వు చెప్తాన్నవ్ కాబట్టి తీస్త. జర ఫుల్ కానీ. మల్ల బేరానికి పోవాలె. ఇంకో గంటంతే."

నర్సింగమ్మ మొహంలో కోపం లేదు.

"కానీ బిడ్డా, తొందరేముంది. కరుణా, నువ్వు లే. గా గంట నేను కూసుంట."

"అయ్యో, పెద్దమ్మా..."

"లేవమన్న గద. ఎల్లేషూ, నన్ను దింపు. స్వరూపా, గా గుడ్డలిప్పు."

స్వరూప అత్త మొహం చూసింది. ఆమె బెదిరించడం లేదు. నిజంగానే కూర్చుంటుంది. పాదాలకు చుట్టిన గుడ్డలు విప్పింది. ఎల్లేష్ తల్లిని ఎత్తుకుని మగ్గం ముందు కూర్చోబెట్టాడు. నర్సింగమ్మ తన కాళ్లను తన చేతులతోనే పట్టుకుని, ఒకటి తర్వాత ఒకటి, గుంతలోకి దింపింది. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, మడమల మీది తోలు గులాబీ రంగులో మెరుస్తోంది. గోనెకు జానెడు దూరంలో ఆనాయి ఆ పాదాలు.

"చల్లగనే ఉంది," అంది. "నా ఇంట్ల గూడ గిట్లనే ఉండె."

ఛార్జరు ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. కరుణ నిలబడి ఆ పాదాలనే చూస్తోంది. ఇంతసేపూ తన పాదాలు ఉన్న పలకల మీదే అవి ఉన్నాయి. ఆమె ఒక్కసారిగా వంగి ప్లగ్గు పీకింది. గోనె అవతల పారేసి, బ్యాటరీని రెండు చేతులతో లేపి, పొట్టకు ఆనించుకుని, మొగుడు అడ్డం వస్తే భుజంతో నెట్టి గడప దాటింది. నడివీధిలో ఎండలో పెట్టి, పరుగున వెనక్కి వచ్చింది.

"పిచ్చి లేసిందానె నీకు!" అని అరిచాడు విజేందర్. "ఎండకు ఖరాబైతది. కొత్త బ్యాటరీ!"

"కొత్తదే గద బిడ్డా," అంది నర్సింగమ్మ, కాళ్లు ఇంకా గుంతలోనే ఉంచి. "భయమేముంది? పోయి తెచ్చుకో."

విజేందర్ విసవిసా గడప దాటాడు. బ్యాటరీ దగ్గరికి పోయి వంగాడు. పిడి మీదికి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అట్లాగే ఆగింది. లోపలి నుంచి అందరూ అతన్నే చూస్తున్నారు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, తల ఒక పక్కకు వంచి, లోపల బుస ఉందేమోనని వింటున్నాడు.